జవాబు బాకీ

మామగారికి తెలుసా, తెలియదా అన్న సందేహం అతని జుట్టుతో పాటే నెరిసింది. గడ్డం గీసుకునేటప్పుడు మరీ ఎక్కువగా వస్తుంది. మనిషి తన మొహాన్ని తను తప్పించుకోలేని సమయం కదా అది. ఆ ఉదయం కూడా ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో ఉండగా వచ్చింది. దాని వెనకే ముందుగదిలోంచి మామగారి గొంతు వినిపించింది.

“నాలుగు దెబ్బలు తిని మూల కూర్చుంటుంది.”

కాసేపు ఆగి మళ్ళీ అదే మాట.

భార్య పొయ్యి మీంచి పాలు దించి, చేతిలో మసిగుడ్డతోనే వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

“విన్నారా? నిన్న పైవాటా ఆవిడ నన్ను పక్కకి పిలిచి మరీ అడిగింది, మీ నాన్నగారిని ఎవరన్నా కొడుతున్నారా అమ్మా అని.”

“నువ్వేమన్నావు?”

“మా ఆయనకి దోమని కొట్టడం కూడా చేతకాదు, మీరు నిశ్చింతగా ఉండండి అన్నాను.”

అతను నవ్వబోయి, కత్తి చెంప మీద ఉందని మానేశాడు.

ముందుగదిలో కిటికీ పక్కన ఇనప మంచం. ఒకప్పుడు గుమ్మానికి తల తగలకుండా వంగి నడిచిన మనిషి ఇప్పుడు దుప్పటి కింద ఒక మడతలా ఉన్నారు. చేతులు మాత్రం పాతవే. ప్రెస్సులో సీసపు అక్షరాలు ఏరి ఏరి కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కొసలు చదునైపోయాయి. కంప్యూటర్లొచ్చాక ఆ వేళ్ళతోనే మీటలు నేర్చుకుని, కంపోజింగు గదిలోనే రిటైరయ్యారు. డాక్టరు మొన్న వచ్చి చూసి, కొత్త మందేదీ రాయకుండా, “దగ్గరుండి చూసుకోండి” అని మాత్రం అని మెట్లు దిగిపోయాడు. ఆ మాటకి అర్థం ఇంట్లో ఇద్దరికీ తెలుసు. ఒకరితో ఒకరు అనుకోలేదు.

“అల్లుడుగారూ,” అన్నారు మామగారు, అతని అడుగు చప్పుడు గుర్తుపట్టి. “దానికి ముందేమిటి?”

“గుర్తు రావడం లేదు మామయ్యగారూ.”

“మీకే కదా వేసింది మీ అత్తగారు.”

“అవునండి.”

ఆయన కిటికీ వైపు తిరిగారు. మతిమరుపు ఆయన బుర్రలో ఒక్కో గదికీ తాళం వేసుకుంటూ వస్తోంది. మనవల పేర్లు పోయాయి, పనిచేసిన ప్రెస్సు పోయింది. పోయిన తన భార్య వేసిన పొడుపు కథలో చివరి ముక్క మాత్రం గుమ్మంలో ఇరుక్కున్న చెప్పులా అక్కడే ఉండిపోయింది. మిగతాది దొరికితే గాని ఆయనకి అటూ ఇటూ దారి లేనట్టుంది.

భార్య వచ్చి తండ్రి మెడ కింద చెయ్యి పెట్టి లేపి, దిండు సర్ది, మళ్ళీ పడుకోబెట్టింది. అతను టిఫిన్ డబ్బా తీసుకుని, కళ్ళు మూసుకుని దేవుడికి ఒక నమస్కారం పెట్టుకున్నాడు. ఏమీ అడగలేదు. కొన్నేళ్ళుగా అడగడానికి మొహం చెల్లడం లేదు.

అత్తగారు పొడుపు కథల మనిషి. ఎవరో చెప్పినవి కాదు, ఆవిడ సొంతంగా అల్లినవే. కూర తరుగుతూ ఒకటి, బట్టలు ఆరేస్తూ ఒకటి. కొత్త అల్లుడు భోజనానికి కూర్చున్న మొదటిరోజే అతనికీ ఒకటి వేశారు. అప్పుడతను ఆఫీసులో ఆగిపోయిన ఒక ప్రోగ్రాం గురించి ఆలోచిస్తున్నాడు. తల ఊపి, “రేపు చెప్తానండి” అన్నాడు. రేపు వచ్చేసరికి జవాబు మాట అటుంచి ప్రశ్నే గుర్తు లేదు. మళ్ళీ అడగడానికి సిగ్గేసింది. అత్తగారు మాట్లాడుతుంటే వినలేదని ఒప్పుకోవడమే కదా అది. ఆ తరవాత ఎప్పుడు వెళ్ళినా ఆవిడ మంచినీళ్ళ గ్లాసు చేతికిస్తూ, “ఏం అల్లుడుగారూ, మీరు నాకో జవాబు బాకీ” అనేవారు. అతను నీళ్ళు తాగేవాడు. అలా ఎన్ని గ్లాసులు తాగాడో.

ఆవిడ పోయేముందు కొన్ని నెలలు మంచంలోనే ఉన్నారు. ఆవిడ చెప్తుంటే విని మనసులో పెట్టుకుని, పని అయ్యాక ప్రెస్సు కంప్యూటర్లో టైపు చేసేవారు మామగారు. అన్నీ అయ్యాక ఒక ఫ్లాపీలో పెట్టి తెచ్చి అల్లుడి చేతికిచ్చారు. “ప్రెస్సు మిషన్లో తప్ప ఎక్కడా తెరుచుకోవడం లేదండీ. మీరు ఇదే పని కదా చేసేది. అమ్మాయి చదువుకునేట్టు చేసి పెట్టండి” అన్నారు. అంత పెద్దమనిషి అతన్ని ఏదైనా అడగడం అదే మొదలు.

అతని ఆఫీసు రైలు వంతెన పక్క సందులో, మందుల దుకాణం మీది మేడ. మూతబడిన సంస్థలూ, యంత్రాలు మార్చుకున్న ఆఫీసులూ తమ పాత ఫైళ్ళు అక్కడికి పంపుతాయి. తెరిస్తే పిచ్చిగీతలు. వాటిని చదవగలిగే అక్షరాల్లోకి మార్చి తిరిగి పంపడం వీళ్ళ పని. అక్కడ అందరూ అతన్ని నకలు మాస్టారు అంటారు. ఎవరు కొత్తగా చేరినా అతను చెప్పే మొదటి పాఠం ఒకటే. అసలు ఫైలు ముట్టుకోవద్దు, నకలు తీసుకుని దానిమీద పనిచెయ్యండి. ఎవరైనా మరిచిపోతే, ఎప్పుడూ పైకి లేవని అతని గొంతు పైకి లేస్తుంది. పేరు వేళాకోళానికి పెట్టారు, గౌరవంగా మిగిలిపోయింది. ఆ పేరుతో పిలిచిన ప్రతిసారీ అతనికి లోపల చురుక్కుమంటుందని ఎవరికీ తెలియదు.

ఎందుకంటే ఆ ఫ్లాపీకి అతను నకలు తీసుకోలేదు.

ఫైలులో నిజానికి అక్షరాలుండవు, అంకెలుంటాయి. ఏ అంకె ఏ అక్షరమో చెప్పే పట్టిక వేరే ఉంటుంది. రాసినవాడు ఒక పట్టికతో రాసి, చదివేవాడు ఇంకో పట్టికతో తెరిస్తే పిచ్చిగీతలు వస్తాయి. తప్పు ఫైలుది కాదు. పట్టికలో లేని అంకె ఎదురైతే ఏం చెయ్యాలో ప్రోగ్రాంకి ముందే చెప్పాలి. ఆగిపొమ్మనవచ్చు, ఆ అక్షరం వదిలేసి పొమ్మనవచ్చు, దాని స్థానంలో ఒక ప్రశ్నార్థకం పెట్టి సాగిపొమ్మనవచ్చు. ఆగిపోయే ప్రోగ్రాం విసుగు తెప్పిస్తుంది. మిగతా రెండూ సుఖం. సుఖమైనవే కొంప ముంచుతాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనమై నిద్ర ముంచుకొస్తుండగా, మామగారి పని ఓ పనైపోతుందని కూర్చున్నాడు అతను. ఊళ్ళో అందరూ వాడే పట్టికే అయ్యుంటుందనుకున్నాడు. చదవలేనిచోట ప్రశ్నార్థకం పెట్టమన్నాడు. రాసింది మళ్ళీ అదే పేరుతో, అదే ఫ్లాపీలో దాచమన్నాడు. మీట నొక్కాడు. ఆవలించి తెరిచి చూస్తే పేజీ నిండా ప్రశ్నార్థకాలు. ఆ ప్రెస్సువాళ్ళ అక్షరాలు ఎవరికీ లేని సొంత పట్టికలో ఉన్నాయి మరి. పొడుపు కథల ముందుండే వరస అంకెలూ, వాక్యాల చివరి చుక్కలూ మాత్రం బతికాయి. ఒకటి, దాని పక్కన ప్రశ్నార్థకాలు, చుక్క. రెండు, ప్రశ్నార్థకాలు, చుక్క. కంచే చేను మేసినట్టయింది. నిద్ర ఎటు పోయిందో తెలియదు.

సాయంత్రం మామగారు వస్తే, “ఫ్లాపీ పాడైపోయిందండీ, తేమ తగిలినట్టుంది” అన్నాడు. మాట ఎంత నునుపుగా వచ్చిందో తనకే భయమేసింది. మామగారు ఫ్లాపీని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. “వంటింటి గూట్లో పెట్టాను. నాదే తెలివితక్కువ” అన్నారు. పక్కనే ఉన్న కూతురు తండ్రిని కోప్పడింది. “బీరువాలో పెట్టమని చెప్పానా లేదా నాన్నా? అమ్మ మాటలు పోగొట్టావు కదా” అని ఏడ్చింది. ఆయన తల వంచుకుని విన్నారు. అల్లుడు కుక్కిన పేనులా కూర్చున్నాడు. ఆ రోజు నోరు తెరవనివాడికి తరవాత ఏ రోజూ నోరు పెగలలేదు.

ప్రెస్సు కంప్యూటర్లో ఇంకో ప్రతి ఉండే ఉంటుందని అతనికి తెలుసు. వెళ్ళి అడిగితే ఇచ్చేవారు. కానీ ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? తేమ తగిలిందని ప్రెస్సువాళ్ళకి చెప్తే ఫ్లాపీ ఏదీ అంటారు. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి అతను ఆ వీధిలోంచి వెళ్ళడమే మానేశాడు.

ఆ ఉదయం అతను ఆఫీసుకి వెళ్ళేసరికి బల్ల మీద పాత డిస్కులతో నిండిన ఒక గోనెసంచి ఉంది. ప్రూఫులు చూసే ఆవిడ తన కుర్చీలోంచే చెప్పింది.

“పాతబజారు ప్రెస్సు మూసేశారట మాస్టారూ. చిత్తూ చెత్తా అంతా మనకే తోశారు. పెళ్ళికార్డులు, పరీక్ష పేపర్లు, గుండుసూది డబ్బా మీది చీటీ దాకా ఉన్నాయట. మన పట్టికల్లో ఒక్కటీ అతకలేదు. మీ పనితనం చూపించండి.”

అది మామగారు పనిచేసిన ప్రెస్సే. తేలు కుట్టిన దొంగలా సంచి మూతి విప్పాడు. అన్నిటికీ నకళ్ళు తీశాడు. ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాడు.

తెలియని పట్టికని పట్టుకోవాలంటే, అందులో ఏం రాసి ఉందో ముందే తెలిసిన కాగితం ఒకటి కావాలి. పెళ్ళికార్డుల ఫైళ్ళు వరసగా ఉన్నాయి, తేదీలతో. ఒక తేదీ దగ్గర అతని చెయ్యి ఆగింది. ఇంటికి ఫోను చేశాడు.

“మన పెళ్ళికార్డు ఉందా?”



“ఒంట్లో బాగానే ఉందా మీకు?”

“ఆఫీసు పనికే. ఫోటో తీసి పంపు.”

“ఇన్నేళ్ళలో పెళ్ళిరోజు గుర్తుండదు గాని పెళ్ళికార్డు గుర్తొచ్చిందా? అదీ ఆఫీసు పనికి. ఉండండి, వెతుకుతాను.” ఆమె గొంతు తగ్గించింది. “నాన్న పాలు కూడా తాగడం లేదండీ. త్వరగా రండి.”

ఫోటో వచ్చింది. ఆ కార్డు అక్షరాలు పేర్చింది మామగారే. కూతురి పేరు ఒక్క వెంట్రుకవాసి పెద్దగా పెట్టారని అప్పట్లో వియ్యాలవారు మూతి ముడుచుకున్నారు కూడా. అతను కార్డులో ఒక్కో అక్షరాన్నీ ఫైలులో ఒక్కో అంకెతో జతచేసుకుంటూ వెళ్ళాడు. ఈసారి ప్రోగ్రాంకి ఒకటే మాట చెప్పాడు. తెలియని అంకె వస్తే ఆగిపో. అది మొండిగా ఆగింది. అతను ఆ అంకెకి అక్షరం వెతికి పట్టికలో చేర్చాడు. రెండడుగులు వేసి మళ్ళీ ఆగింది. కార్డులో లేని అక్షరాలు పరీక్ష పేపర్లలో దొరికాయి. మధ్యాహ్నం డబ్బా మూత తియ్యనేలేదు. మనల్ని చూసేటప్పుడు పైవాడు ఏ రకమో అనుకున్నాడు మధ్యలో ఒకసారి. చదవలేనిచోట ప్రశ్నార్థకం పెట్టి సాగిపోయేవాడైతే తనలాంటివాడిలో అంకెలూ చుక్కలూ తప్ప ఏం మిగులుతుంది? ఆగి వెతికేవాడే అయ్యుండాలి. అయితే ఇన్నాళ్ళూ ఎక్కడ ఆగాడో.

ఎండ తగ్గేవేళకి పట్టిక నిండింది. ‘ఇంటివి’ అన్న పేరుతో ఒక ఫోల్డరు కనిపించింది. అందులో రెండే ఫైళ్ళు. ఒకదాని పేరు ‘పొడుపు’. రెండోదాని పేరు ‘అల్లుడు’.

మొదటిది తెరిచాడు. పేజీ నిండా అత్తగారే. “నువ్వు నవ్వితే నవ్వుతుంది, నువ్వు వెళితే మరిచిపోతుంది.” జవాబు, అద్దం. “తను అరుగుతుంది, నిన్ను తెల్లబరుస్తుంది, నురగ కక్కి పోతుంది.” జవాబు, సబ్బు. ఒక్కోటీ ఆవిడ గొంతుతోనే వినబడుతుంటే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

రెండోది తెరిచేలోపే ప్రూఫులావిడ తన మిషన్లో అదే తెరిచింది.

“ఇదేంటి మాస్టారూ, అన్నీ ప్రశ్నార్థకాలే. ఎవరో ఘనుడు అసలు ఫైలు మీదే రాసి పారేసినట్టున్నాడు. మీ పాఠం వినని శిష్యుడెవరో.”

“ఊ,” అన్నాడతను.

తల కొట్టేసినట్టయింది. దాని తేదీ చూశాడు. తను ఫ్లాపీ తిరిగిచ్చిన మర్నాడే. అంటే మామగారు ఆ ఫ్లాపీని ప్రెస్సుకి తీసుకెళ్ళి తెరిచి చూశారు. తేమ తగిలిన ఫ్లాపీ తెరుచుకోదు. ఇది చక్కగా తెరుచుకుంది, వరస అంకెలతో, చుక్కలతో. అక్షరాలతో బతికిన మనిషికి అంతకంటే ఏం రుజువు కావాలి? చూసి, దానికి అల్లుడు అని పేరు పెట్టి, పక్కనే అసలుదాన్ని ఉంచుకుని, నోరు మూసుకున్నారు. అసలుది నా దగ్గరుందని చెప్పుంటే మరి ఫ్లాపీకి ఏమైందన్న మాట వచ్చి కూతురి ముందు అల్లుడి అబద్ధం బయటపడేది. దానికంటే కూతురి చేత తిట్లు తినడం మేలనుకున్నారు.

ఏళ్ళ సందేహం తీరింది. తీరితే తేలికపడతాననుకున్నాడు. ఇంకా బరువెక్కింది. రెండో ఫైలుని తుడిచెయ్యడానికి వేలు మీట మీదికి వెళ్ళింది. ఆగింది. అది కూడా మామగారు దాచినదే. ఉండనీ.

మొదటి ఫైలు చివరికి వెళ్ళాడు. ఆఖరి పొడుపు కథ అక్కడుంది. దానికింద మాత్రం జవాబు లేదు. ‘జవాబు: అల్లుడుగారు బాకీ’ అని ఉంది.

కాగితాల మీద అచ్చు తీసుకుని, సెలవు చెప్పి మెట్లు దిగాడు. బస్సులో ఆ మూడు వాక్యాలే చదువుకున్నాడు. రాయా? పీటా? కుక్కా? ఏదీ అతకలేదు. ఇన్నేళ్ళ సర్వీసు, ఇంట్లో ఆడమనిషి కూర తరుగుతూ అల్లినదానికి జవాబు తట్టడం లేదు.

ఇల్లు చేరేసరికి ముందుగదిలో సాయంత్రపు వెలుతురు మంచం సగం దాకా ఉంది. భార్య తండ్రిని భుజానికి ఆనించి పట్టుకుని ఉంది. ఆయన తల కింది దిండు అణిగిపోయింది. రెండో చేత్తో దాన్ని లాగి, ఒళ్ళో పెట్టుకుని అటు రెండు, ఇటు రెండు చరిచింది. దూది పొంగింది. అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“అలా చూస్తారేం? కాస్త పట్టుకోండి నాన్నని,” అంది.

పట్టుకున్నాడు. ఏమీ బరువు లేరు. పడుకోబెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని, కాగితం తీశాడు.

“మామయ్యగారూ, దానికి ముందుది దొరికింది. చదవనా?”

కళ్ళు తెరుచుకున్నాయి.

“రాత్రంతా తల మోస్తుంది, బరువనదు. ఎవరి ఏడుపైనా తాగుతుంది, ఎవరికీ చెప్పదు. తెల్లారితే...”

“నాలుగు దెబ్బలు తిని మూల కూర్చుంటుంది,” అన్నారు మామగారు, అతనితో పాటే. తరవాత చాలా రోజులుగా ఎవరూ చూడని నవ్వొకటి ఆ మొహం మీదికి వచ్చింది. “ఏమిటది?”

“దిండు, మామయ్యగారూ.”

గుమ్మంలో పాలగ్లాసుతో నిలబడ్డ భార్య ఫక్కున నవ్వింది. మరుక్షణం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అమ్మది,” అంది. “ఎక్కడ దొరికిందండీ?”

“మీ నాన్న దాచారు.” అతను ముందుకి వంగాడు. “మామయ్యగారూ, ఆ ఫ్లాపీ...”

చదునుగా అరిగిన ఆ రెండు వేళ్ళు దుప్పటి మీంచి లేచి అతని మణికట్టు మీద ఆనాయి.

“తేమండీ,” అన్నారు మామగారు. కూతురి వైపు ఒకసారి, అతని వైపు ఒకసారి చూశారు. చూపు తేటగా ఉంది, తాళాలన్నీ ఒక్కసారి తీసినట్టు. “ఆ గూట్లో ఎప్పుడూ తేమే.”

అతను తల వంచుకున్నాడు. ఆ రోజు ఆయన వంచుకున్నట్టే.

“ఆవిడతో చెప్తాను,” అన్నారు మామగారు కాసేపయ్యాక, కళ్ళు మూసుకుంటూ. “బాకీ తీరిందని.”

భార్య పాలు చల్లార్చడానికి లోపలికి వెళ్ళింది. అతను మిగతా పొడుపు కథలు ఒక్కొక్కటే చదువుతూ, ఒక్కోదానికీ జవాబు కోసం ఆగుతూ కూర్చున్నాడు. సబ్బు దాకా ఆయన పెదవులు కదిలాయి. తరవాతిదానికి కదల్లేదు. నిద్రపట్టిందనుకుని ఇంకొకటి చదివాడు. అప్పుడు మణికట్టు మీది వేళ్ళు చల్లగా తగిలాయి. అతను చెయ్యి తీసుకోలేదు. భార్య గ్లాసుతో వచ్చి అతని మొహం చూసి, గ్లాసు కిటికీ మీద పెట్టింది.

మర్నాడు వచ్చినవాళ్ళు వచ్చారు, తీసుకెళ్ళవలసినవాళ్ళు తీసుకెళ్ళారు. ఇల్లు కడిగాక ఆమె మంచం మీది దుప్పటి తీసి మడిచింది. దిండు తీసి ఒళ్ళో పెట్టుకుని అలవాటు కొద్దీ చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి భర్త వైపు చూసింది. తరవాత దాన్ని ఎలా ఉన్నది అలాగే, రెండు చేతులతో పట్టుకుని తీసుకెళ్ళి మూలనున్న కుర్చీలో పెట్టింది. మధ్యలో తల పెట్టిన గుంట, ఒక పక్కన ఆరిన తడి మరక.